సాగర చిత్రములు - వ్యాఖ్యాన భాష : ఒక విమర్శ

సముద్రమును గూర్చి తీయబడిన డాక్యుమెంటరీ చిత్రములను తెలుగు సాహిత్య విమర్శకుడు పరిశీలింపవచ్చునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. చిత్రము కంటికి సంబంధించినది; విమర్శకునకు ప్రధానమైనది మాట. అయినను ఈ జాతి చిత్రములలో ప్రేక్షకుడు చూచునది యెంతయో వినునదియు నంతయే. తెరపై నొక చేప ఈదుచుండును. దాని పేరేమి, అది యెక్కడిది, మనుష్యునకు అది మిత్రమా శత్రువా, దాని గతి యేమగుచున్నది అను విషయములను చేప చెప్పదు, వ్యాఖ్యాత చెప్పును. ఆ వ్యాఖ్యానము గద్యము. గద్యమును పరీక్షించుట సాహిత్య విమర్శకుని పని. సాగర చిత్రములలో వ్యాఖ్యాత ప్రాణికి పెట్టు పేరే ఆ చిత్రముయొక్క నీతిని నిర్ణయించుచున్నదని చూపుట, ఆ దృష్టితో మన తెలుగు వ్యాఖ్యానముల స్థితిని విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విచారణ హైదరాబాదు వంటి నగరమున మరింత అవసరము. ఇచ్చటికి సముద్రము వందల కిలోమీటర్ల దూరము. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములవారిలో పెక్కుమందికి సముద్రము మొదట తెరమీదనే పరిచయమగును. 1948లో స్థాపింపబడిన ఫిలిమ్స్ డివిజన్ వారి లఘుచిత్రములు చాలకాలము సినిమాశాలలలో ప్రధాన చిత్రమునకు ముందు విధిగా ప్రదర్శింపబడెడివి. కథాచిత్రమునకై వచ్చినవారు దేశమందలి నదులను, అడవులను, రేవులను అట్లు చూచి, వానిని గూర్చిన తెలుగు వ్యాఖ్యానమును వినెడివారు. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. నేడా పనిని టెలివిజను, చేతిలోని ఫోను చేయుచున్నవి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థి సంరక్షిత ప్రాణుల పట్టికను కంఠస్థము చేయును. ఆ ప్రాణి రూపమును తెరమీద చూచును. పేరును వ్యాఖ్యాత నోట వినును. వ్యాఖ్యాత తప్పు చెప్పినచో తీరవాసి నవ్వి దిద్దుకొనగలడు. మనము దిద్దుకొనలేము. సముద్రమునకు దూరముగా నున్న శ్రోతకు వ్యాఖ్యాత మాటయే ప్రమాణము. కావున ఆ మాటను పరీక్షించు బాధ్యతయు అట్టి శ్రోతకే ఎక్కువగా నున్నది.

మన కావ్యములందు సముద్రవర్ణనము క్రొత్త కాదు. ప్రబంధమునకు విధింపబడిన అష్టాదశ వర్ణనములలో అర్ణవ వర్ణన మొకటి. దానిని చేయుటకు కవి సముద్రమును చూచియుండ నక్కరలేదు. సముద్రుడు లక్ష్మికి తండ్రి, చంద్రునకు జన్మస్థానము, మైనాకునకు శరణ్యము, బడబాగ్నికి నెలవు, నదులకు భర్త. సామగ్రి సిద్ధముగా నున్నది. కవి ప్రతిభ దానిని కనుగొనుటలో గాక కూర్చుటలో వెల్లడియగును. ఇది దోషము కాదు. ఆ కావ్యజాతి ధర్మమే అది. డాక్యుమెంటరీ ధర్మము దీనికి విపరీతము. అందు ఈ తీరమున, ఈ ఋతువున, ఈ ప్రాణిని చూచితిమని చెప్పగలుగుటయే గౌరవము. అయినను నేటి సాగర చిత్రముల వ్యాఖ్యానములను వరుసగా వినినచో వీనిలోను ఒక క్రొత్త కవిసమయ మేర్పడినట్లు తోచును. అంతుచిక్కని రహస్యము, అద్భుత లోకము, మృత్యుముఖము, జీవన్మరణ పోరాటము అను మాటలు ఏ సముద్రమునకైనను, ఏ చేపకైనను సరిపోవును. బడబాగ్ని యున్న చోట రహస్యము వచ్చి కూర్చున్నది. తేడా యొక్కటే. ప్రబంధకవి తన కవిసమయమును కవిసమయమని యెరిగి ప్రయోగించెను. వ్యాఖ్యాత దానిని ప్రత్యక్ష సత్యమని చెప్పుచున్నాడు.

పేరు నీతిని నిర్ణయించుననుటకు మొదటి నిదర్శనము ఈ జాతి చిత్రములకు ఆద్యమనదగిన ఫ్రెంచి చిత్రమున కలదు. జాక్ కుస్తో, లూయీ మాల్ కలిసి తీసిన 'మౌన ప్రపంచము' 1956లో కాన్ చిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమును పొందినది. సముద్రగర్భమును రంగులలో లోకమునకు చూపిన కీర్తి దానిది. అందొక ఘట్టము కలదు. కలిప్సో యను వారి ఓడ మరరెక్కలు తగిలి ఒక తిమింగలపు పిల్ల గాయపడును. దానిని వారు బాధనుండి విముక్తి కలిగింపదలచి చంపుదురు. నెత్తురు వాసనకు సొరచేపలు మూగి కళేబరమును తినసాగును. అప్పుడు ఓడవారు ఆగ్రహించి ఆ సొరలను కొక్కెములతో పైకి లాగి గొడ్డళ్ళతో నరకుదురు. పిల్లను గాయపరచినది ఓడ; శిక్ష పొందినవి సొరలు. ఈ అన్యాయము అన్యాయముగా కానరాకుండుటకు వ్యాఖ్యానము తోడ్పడినది. సొర నావికునకు పుట్టుపగవాడు అను భావము అందు ముందే స్థాపింపబడినది. 'శత్రువు' అను పేరు పడినపిమ్మట విచారణకు తావు లేదు. అదే కుస్తో తరువాతి కాలమున సముద్ర సంరక్షణకు ప్రపంచ ప్రసిద్ధుడైన ప్రచారకుడయ్యెను. కాని చిత్రమున నిలిచిపోయిన మాట మారదు.

రెండవ నిదర్శనము మన దేశమునకు చెందినది. ఢిల్లీలోని రివర్‌బ్యాంక్ స్టూడియోస్ అను చిన్న సంస్థ పక్షమున మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' 2000 సంవత్సరమున వెలువడినది. గుజరాతు తీరమున వేల్ షార్క్ అను మహామత్స్యమును వేటాడుటయే దాని వస్తువు. లోకమందలి చేపలన్నిటిలో పెద్దదైన ఈ సొర పండ్రెండు మీటర్లకు మించి పెరుగగలదు. అయినను సముద్రజలమున తేలియాడు సూక్ష్మప్రాణులను, చిన్న చేపలను వడపోసికొని బ్రదుకును. మనుష్యుని జోలికి రాదు. దాని కాలేయపు నూనెను పడవల కొయ్యకు నీరు పట్టకుండ పూసెడివారు. పిమ్మట 1990 దశాబ్దమున మాంసపు ఎగుమతి పెరిగి వేట ముమ్మరమైనది. ఈ చిత్రమునకు 2000లో బ్రిస్టల్ నగరమందలి వైల్డ్‌స్క్రీన్ ఉత్సవమున పాండా పురస్కారము లభించినది. 2001 మే మాసమున భారత ప్రభుత్వము వేల్ షార్క్‌ను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చినది. ఆ చట్టమున అట్టి రక్షణ పొందిన మొదటి చేప అదియే. 2002లో శాంటియాగోలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున దాని వ్యాపారముపై నియంత్రణ ఏర్పడినది.

రెండు చిత్రముల పేర్లలోను మౌనమున్నది, అర్థము వేరు. కుస్తో చెప్పిన మౌనము నీటి లోపలిది. మన భాషకు ఆ భావన పరాయిది. మనకు సముద్రమన్న ఘోష, కడలియన్న హోరు. ఒడ్డున నిలిచి వినినవారి మాటలివి. పాండే చెప్పిన మౌనము నీటిది కాదు, ఒడ్డుది. ప్రతిదినము జరుగుచున్నదానిని అందరును చూచుచు ఎవరును పలుకకుండుట యను అర్థము ఆ పేరున స్ఫురించుచున్నది. మొదటి చిత్రమున కెమెరా పట్టినవారే సొరలను చంపిరి. రెండవదానిలో కెమెరా సాక్షిగా నిలిచినది. నా యభిప్రాయమున డాక్యుమెంటరీ చరిత్రలో ఈ మార్పు సాంకేతికమైన మార్పులన్నిటికంటె పెద్దది.

అయితే చట్టమును తెచ్చిన ఘనత ఈ చిత్రమునకు ఎంత ఇచ్చినను, తీరవాసి మనస్సును చిత్రమొక్కటే మార్చినదనుట అతిశయోక్తి. అచ్చట పనిచేసినది మరియొక పేరు. గుజరాతు జాలరులు ఈ చేపను 'బ్యారెల్' అనగా పీపా అని పిలిచెడివారు. వేటలో కొక్కెమునకు పీపాలను కట్టి, అవి తేలుచుండ చేప అలసిపోవువరకు వెంటాడుట వారి పద్ధతి. వేటసాధనమే ప్రాణికి పేరైనది. ఆ పేరున ప్రాణి లేదు. సరకు మాత్రమే యున్నది. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలగు సంస్థలు అటవీశాఖతో కలిసి ప్రచారమారంభించినప్పుడు, రామకథా ప్రవచనకారులు మొరారీ బాపు ఈ చేపను పుట్టింటికి పురిటికి వచ్చిన కూతురితో పోల్చిరి. దానికి 'వ్హాలీ' అనగా ప్రియమైనది అను పేరు వచ్చినది. పురిటికి వచ్చిన ఆడపడుచును చంపువారుందురా? ఈ ప్రశ్నకు వ్యాఖ్యానమక్కరలేదు. నాటినుండి వలలో చిక్కిన వేల్ షార్క్‌లను వల కోసి విడిచిపెట్టుట ఆ తీరమున ఆచారమైనది. అట్లు విడువబడినవి వందలలో నున్నవి. కోసిన వలకు అటవీశాఖ పరిహార మిచ్చుటయు ఇందుకు ముఖ్య కారణమే. ఆకలిగొన్నవానికి ఉపమానము అన్నము పెట్టదు. కాని పరిహారమొక్కటే ఇచ్చినను పీపా కూతురు కానేరదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. కూతురనుటయు కవిసమయమే కదా, బడబాగ్నికి దీనికి భేదమేమి యని. భేదము కలదు. ఎక్కడికైనను సరిపోవు మాట కవిసమయము. ఈ పోలిక ఆ తీరమునకు ఏటేట వచ్చిపోవు చేపకు, పురిటికి పుట్టింటికి పంపు ఆచారమున్న సంఘమునకు మాత్రమే సరిపోవును. ఆ చేప గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనుననుటయు శాస్త్ర సమ్మతము. వినువాని యింటినుండి వచ్చిన మాటయు, చూచిన ప్రాణి స్వభావమును కలిసిన చోట పుట్టినది ఈ పేరు. వ్యాఖ్యానమునకు ఆదర్శముగా చెప్పదగినది ఇదియే.

చిన్న సంస్థలను గూర్చి ప్రత్యేకముగా చెప్పుటకు కారణమిచ్చటనే యున్నది. పెద్ద సంస్థ అనేక సముద్రములను ఒక చిత్రమున చుట్టి రావలెను. దాని వ్యాఖ్యానము ఏ దేశమునకైనను ఒప్పవలెను. ఏ దేశమునకైనను ఒప్పుమాట ఏ దేశమునకును సొంతము కాదు. చిన్న సంస్థ ఒక్క తీరమున నిలిచి ఒక్క విషయమును పట్టుకొనగలదు. చెన్నైకి చెందిన శేఖర్ దత్తాత్రి అంతర్జాతీయ టెలివిజనుకు చిత్రములు తీసి, పిమ్మట సంరక్షణ చిత్రములవైపు మరలి, ఒడిశా తీరమందలి సముద్రపు తాబేళ్ళను గూర్చి 'ది రిడ్లీస్ లాస్ట్ స్టాండ్' అను చిత్రమును తీసిరి. కన్నడ దేశమున అమోఘవర్ష, కల్యాణ్ వర్మ నిర్వహించిన 'వైల్డ్ కర్ణాటక' ఒక్క రాష్ట్రపు ప్రకృతినే వస్తువుగా గైకొని 67వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో గౌరవము పొందినది. దాని ఆంగ్ల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో. 2021లో టెలివిజనుకు వచ్చినప్పుడు తెలుగు వ్యాఖ్యానమును ప్రకాశ్ రాజ్ చదివిరి. అవే దృశ్యములు భాషకొక గొంతుతో వినిపించినవి. వ్యాఖ్యానము చిత్రమునకు తొడుగు కాదు, సగభాగము అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక తెలుగు వ్యాఖ్యానముల సంగతి. గొంతులలో లోపము లేదు; ఉచ్చారణ శుద్ధముగనే యున్నది. లోపము వాక్యమున, పేరున కలదు. ఆంగ్ల వాక్యమునకు ఎంతసేపు పట్టునో అంతసేపే పట్టునట్లు తెలుగు వాక్యమును సాగదీయుటయో కుదించుటయో జరుగుచున్నది. నమూనాకు నేను కూర్చిన వాక్యమిది: 'ఇది ఒక ప్రపంచం, ఎక్కడికైతే సూర్యకాంతి చేరడం జరగదో.' ఇట్టి వాక్యములు టెలివిజనులో నిత్యము వినవచ్చుచున్నవి. 'వెలుతురు దిగని లోతు' అనినచో మూడు మాటలలో ముగియును. మిగిలిన కాలమున సముద్రమే పలుకును. వ్యాఖ్యాత విరామమిచ్చుట కూడ వ్యాఖ్యానమే. తెలుగు వాక్యమునకు కుదింపు సహజ బలము. ఆ బలమును అనువాదకుడు విడిచి, తనది కాని పొడవును మోయుచున్నాడు.

పేర్ల విషయము ఇంకను విచారింపదగినది. వేల్ షార్క్ అనుదానిని కొందరు అట్లే లిప్యంతరీకరించిరి. కొందరు 'తిమింగల సొర' యనిరి. రెండవది సమాసమువలె కనబడినను ఆంగ్లమునకు నీడయే. అయినను ఇందొక విచిత్రము కలదు. తిమి యనునది మహామత్స్యమని, దానిని మ్రింగునది తిమింగిలమని సంస్కృత నిఘంటువులు చెప్పును. అనగా ప్రాచీనుల ఊహలో తిమింగిలము చేప. నేడు మనము ఆ పేరును పాలిచ్చు జంతువైన వేల్‌కు స్థిరపరచితిమి. చేపలన్నిటిలో పెద్దది వేల్ షార్క్ కనుక పాత పేరు న్యాయముగా దీనికే చెల్లవలసినది. అట్లని నేడు మార్చుట సాధ్యము కాదు. ఊహలోని ప్రాణి పేరును ప్రత్యక్ష ప్రాణికి తగిలించునప్పుడు ఇట్టి చిక్కులు తప్పవని మాత్రము గ్రహింపవలెను.

తాబేటి సంగతి మరింత బాధాకరము. శ్రీకాకుళ మండలమున శ్రీకూర్మ క్షేత్రమున విష్ణువు కూర్మరూపుడై పూజలందుచున్నాడు. ఆ మండలపు తీరమునకే శీతకాలాంతమున సముద్రపు తాబేళ్ళు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టిపోవుచున్నవి. ఆ ప్రాణికి మన పత్రికలలో, వ్యాఖ్యానములలో 'ఆలివ్ రిడ్లే' యనియే పేరు. దేవునికి పేరున్నది, ఆయన రూపమున ఒడ్డెక్కు ప్రాణికి లేకపోయినది. తీరవాసులు దానిని ఏమని పిలుతురో అడిగి వ్రాసికొనుట ఏ వ్యాఖ్యాన రచయితకును కష్టము కాదు.

అడిగి తెచ్చుకొన్న మాట నిలుచుననుటకు నిదర్శనములు లేకపోలేదు. కోరంగి ప్రాంతమున ఉప్పునీటి చెట్ల అరణ్యమునకు 'మడ అడవి' యని పేరు. ఇది శాస్త్ర గ్రంథములలోను, పత్రికలలోను స్థిరపడినది. దీనికి బదులుగా నొక సంస్కృత సమాసమును కల్పించియున్నచో నేటికి మరచియుందుము. ఆటుపోటులు, మొగ, తిప్ప, తెప్ప, తెరచాప, చుక్కాని, లంగరు, అలివి వల - ఇవి నిఘంటువు కొరకు పుట్టిన మాటలు కావు; పనిలో పుట్టినవి. వాడబలిజలు, జాలరులు, అగ్నికుల క్షత్రియులు, పట్టపువారు మొదలగువారి నోట బ్రదుకుచున్నవి. మరపడవలు వచ్చి తెరచాప పోయినపుడు ఆ చాపకు సంబంధించిన మాటలును పోవును. వ్రాసికొనని మాటకు రెండవ జన్మ లేదు.

శాస్త్ర నిర్ణయమునకు ప్రాంతీయ నామములు పనికిరావని కొందరందురు. ఒకే చేపను ఒకచోట వంజరమని, మరియొకచోట కోనెమని పిలుతురనుట నిజమే. ఒకే పేరు రెండు చేపలకు వర్తించుటయు కలదు. కాని ఇది పేర్లను విడిచిపెట్టుటకు హేతువు కాదు. వానిని శ్రద్ధతో కూర్చుటకు హేతువు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ప్రకటించినది. నాగలి భాగములకు ప్రతి మండలమున ఏ పేరున్నదో అడిగి, పోల్చి, పటములతో నిలిపిన ఆ పద్ధతి వ్యాఖ్యాన రచయితలకు మార్గదర్శకము. శాస్త్రనామము తెరమీద అక్షరములలో కనబడవచ్చును. తీరవాసి పెట్టిన పేరు చెవికి వినబడవలెను. రెండింటికిని చోటున్నది.

ఈ పనిలో సముద్రమునకు దూరమైన నగరము చేయగలది యేమి యని అడుగవచ్చును. చిక్కడపల్లికి సమీపముననే రామనగరు చేపల బజారు కలదు. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున అచ్చట త్రోవ దొరకదు. కొర్రమీను మొదలు చందువ, వంజరము వరకు ఒక్కొక్క చేప పేరును అమ్మువారు పిలుచుచుందురు. కోస్తా రేవులనుండి మంచుపెట్టెలలో వచ్చు చేపతోబాటు దాని పేరును వచ్చుచున్నది. టెలివిజనులో ఆ చేపయే పరదేశి పేరుతో కనబడును. ఒకే యింట వంటగదిలో ఒక పేరు, ముందుగదిలో మరియొక పేరు! ఈ రెండును ఒకే ప్రాణివని పిల్లవానికి తెలియదు. తెలిసినచో తాను తినునదానికిని తాను కాపాడవలసినదానికిని గల సంబంధము అతనికి బోధపడును. సంరక్షణకు మొదటి పాఠమదియే.

పరిశోధక విద్యార్థులకు ఒక పని సూచించి ముగింతును. ఒక సాగర చిత్రమును తీసికొని మొదట వ్యాఖ్యానము లేకుండ చూడవలెను. పిమ్మట దాని తెలుగు వ్యాఖ్యానమును వ్రాసికొని, అందలి నామములను, విశేషణములను వేరుచేసి, ఏవి చూచిన వస్తువునకు మాత్రమే చెల్లునో, ఏవి ఎక్కడికైనను చెల్లునో గుర్తింపవలెను. మూడవదిగా ఆ దృశ్యములనే ఒక తీరగ్రామమున చూపి, అచ్చటివారు వానిని ఏమని చెప్పుదురో వినవలెను. చిన్న చిత్రసంస్థలకు ఇట్టి సహాయము చేయగల శాఖ విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ తప్ప వేరొకటి లేదు. 2021 డిసెంబరులో విశాఖపట్టణ సమీపమున తంతడి తీరమునకు చేరిన వేల్ షార్క్‌ను అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి ప్రాణములతో సముద్రములోనికి సాగనంపిరి. సాగనంపిన చేతులున్నవి. ఆ ఆడపడుచును పిలుచుటకు తెలుగున ఒక పేరు ఇంకను స్థిరపడవలసియున్నది.